చెల్లిని ‘స్టెమ్’లో చేర్పించాలా? ఇంట్లో అడిగేది మిమ్మల్నే!

ఇంట్లో ఒకరు బీటెక్ చదువుతుంటే చాలు, జూన్ రాగానే అమ్మానాన్నల ప్రశ్న సిద్ధం. ‘స్కూలోళ్లు రోబోటిక్స్, కోడింగ్ అంటున్నరు. ఫీజు వేరేగా కట్టాల్నట. చిన్నదాన్ని చేర్పిద్దామా?’ మీ ఉద్యోగం ఇంకా తేలలేదు, ఇంట్లో పైసలు అంతంతమాత్రం. అందుకే ఆలోచించి జవాబు చెప్పాలి.

సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్... ఈ నాలుగింటినీ ఒక సమస్య చుట్టూ కలిపి, పిల్లల చేతులతో చేయించి నేర్పడమే స్టెమ్. ఐఐటీ ఫౌండేషన్ క్లాసుకు పేరు మారిస్తే అది స్టెమ్ అయిపోదు. అది ఎంట్రన్స్ కోచింగ్. కావాలనుకుంటే తప్పు లేదు, కానీ దేనికి డబ్బు కడుతున్నామో తెలియాలి.

పానగల్ నీడతో పరీక్ష

నల్గొండ పక్కనే పానగల్‌లో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో శివలింగం వెనక గోడ మీద స్తంభం ఆకారంలో నీడ పొద్దంతా కనిపిస్తుంది. సూర్యుడు కదిలినా నీడ కదలదు. ‘ఎందుకు?’ అని పిల్లలతో అడిగించే క్లాసు మంచి క్లాసు. అట్టముక్కలతో గుడి నమూనా చేసి, టార్చిలైటును అటూఇటూ జరిపి, వెలుతురు నేరుగా పడితే ఏమవుతుంది, పక్కల నుంచి చెదిరి వస్తే ఏమవుతుంది అని పిల్లలే చూసుకోవాలి. దీనికి వేల రూపాయల కిట్ అక్కర్లేదు.

స్కూల్లో ఇవి అడగండి

* వారానికి ఎన్ని పీరియడ్లు? ఒక కిట్‌కు ఎంతమంది పిల్లలు?
* నేర్పేది స్కూలు టీచరా, అప్పుడప్పుడు వచ్చే కంపెనీ ట్రైనరా?
* పోయినేడు పిల్లలు చేసినవి చూపిస్తారా? అన్నీ ఒకేలా ఉంటే చూసి బిగించినవే అనుకోవాలి.
* పాడైన వస్తువును పిల్లలు విప్పి చూడనిస్తారా?

ఫీజు లేని దారులు

నీతి ఆయోగ్ ఆధ్వర్యంలోని అటల్ ఇన్నోవేషన్ మిషన్, ఎంపికైన స్కూలుకు 20 లక్షల రూపాయల వరకు గ్రాంటుతో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఇస్తుంది. 6 నుంచి 12 తరగతుల వాళ్ల కోసం 3డీ ప్రింటర్, సెన్సర్లు ఉంటాయి. వచ్చే అయిదేళ్లలో ప్రభుత్వ స్కూళ్లలో 50 వేల ల్యాబ్‌లు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. ఇన్‌స్పైర్ మానక్‌లో ఆలోచన ఎంపికైతే నమూనా తయారీకి 10 వేల రూపాయలు ఇస్తారు. ముందు దగ్గర్లోని సర్కారు బడిలో ఇవి ఉన్నాయేమో కనుక్కోండి.

చివరి మాట చెల్లిదే. నెల తర్వాత ‘క్లాసులో ఏం చేసినవ్?’ అని అడగండి. చేసింది వివరిస్తూ ఆగకుండా చెబితే ఫీజు దండగ కాలేదు. సర్టిఫికెట్ మాత్రమే చూపిస్తే మాన్పించండి. లెక్కల్లో, చదవడంలో వెనకబడి ఉంటే ముందు ఆ రెండూ సరిచేయండి. రోజూ అరగంట మీరు కూర్చోబెట్టి చెప్పినా చాలు. ఓమ్స్ లా ఎనిమిదో తరగతి పిల్లకు అర్థమయ్యేలా చెప్పగలిగితే, రేపు ఇంటర్వ్యూలో మీకూ తడబాటు ఉండదు.