‘సర్దుబాటు’లో మాయమయ్యే కులం

హైదరాబాద్ పరిసరాల్లోని 29 గ్రామాల్లో 1987-90 మధ్య ఒక పోషకాహార పరిశోధన జరిగింది. కొన్ని ఊళ్లలో గర్భిణులకూ, ఆరేళ్లలోపు పిల్లలకూ ప్రభుత్వ పథకం కింద అదనపు ఆహారం అందింది. మిగతా ఊళ్లకు పథకం అప్పటికింకా చేరలేదు. ఆ కాలంలో పుట్టిన పిల్లలు 13-18 ఏళ్ల వయసుకు వచ్చాక పరిశోధకులు వారిని మళ్లీ పరీక్షించారు. ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. రక్తనాళాల బిరుసుతనం కూడా వారిలో తక్కువే. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన ఫలితమిది. కడుపులో ఉన్నప్పుడూ, పసితనంలోనూ దొరికిన తిండి కౌమారం దాకా శరీరంలో నిలిచిందన్నమాట.

అటువంటప్పుడు ఆ తిండి ఊళ్లో ఏ వీధిలో పంచుతారన్నది చిన్న ప్రశ్న కాదు.

మన జనారోగ్య పరిశోధనల్లో కులం ప్రశ్నావళిలో ఒక గడి మాత్రమే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు ఎస్టీల్లో 44 శాతం, ఎస్సీల్లో 43, ‘ఇతరుల్లో’ 31. ఆ తర్వాత గణాంక నమూనాలో ఆస్తిని, తల్లి చదువును, తల్లి ఎత్తును, మరుగుదొడ్డిని ‘సర్దుబాటు’ చేస్తారు. అంతరం కుంచించుకుపోతుంది, కులం ప్రభావం స్వల్పమని తేలుస్తారు. సర్దుబాటే తప్పని నేననను. కానీ భూమి లేకపోవడం, బడి మానడం, తల్లి తానే గిడసబారి పెరగడం కులానికి బయటి సంగతులా? కులం బిడ్డ ఒంట్లోకి దిగే దారులే అవి.

అశ్వినీ దేశ్‌పాండే, రాజేశ్ రామచంద్రన్ ఈ ప్రశ్నను మరోవైపు నుంచి అడిగారు. అంటరానితనం ఎక్కువగా పాటించే ప్రాంతాల్లో కింది కులాల పిల్లల్లో ఎదుగుదల లోపం ఎక్కువగా కనిపించింది; అగ్రకులాల పిల్లల్లో అలాంటి సంబంధం కనిపించలేదు. నీటి కొరతో, ఆస్పత్రి దూరమో మాత్రమే కారణమైతే ఆ దెబ్బ ఊరందరి పిల్లలకూ తగలాలి కదా!

ఏఎన్‌ఎం ఇంట్లోకి వచ్చి రక్తపోటు చూసిందా, గడప బయటే నిలబడి మాత్రలిచ్చి వెళ్లిందా? అంగన్‌వాడీ ఏ వాడలో ఉంది? వంట చేసేదెవరు? తల్లీబిడ్డల అధ్యయనాల్లో ఇవీ అడగాలి. జనం నిజం చెప్పరన్న సాకు నిలవదు. 2011-12లో భారత మానవాభివృద్ధి సర్వే సూటిగా అడిగితే, ఏదో ఒక రూపంలో అంటరానితనం పాటిస్తున్నామని దాదాపు 27 శాతం కుటుంబాలు ఒప్పుకున్నాయి.