ఉమ్మడి కర్తృత్వము: బీటిల్స్ బృందపు గీతరచన

తిరుపతి వేంకట కవులలో దివాకర్ల తిరుపతిశాస్త్రి మరణించిన పిమ్మటను చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తన కృతులను ఇరువురి పేరనే ప్రకటించెను. జంట పేరు స్నేహపుటొడంబడికయే కాని, ఏ పద్యమెవరిదో తెలుపు సాక్ష్యము కాదనుట కిది నిదర్శనము. ఇట్టి యొడంబడికయే ఇంగ్లండు దేశపు రాక్ సంగీత బృందమగు బీటిల్స్ నందును కలదు. దాని స్వరూపమును ఇచట సంగ్రహముగా పరిశీలింతుము.

జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ అనువారు లివర్‌పూల్ నగరమున 1957 జూలై 6న తొలిసారి కలిసికొనిరి. ఎవరు కట్టినను పాటకు ఇరువురి పేర్లును ఉండవలెనని వారు నిశ్చయించుకొనిరి. ఆ జంట పేరు క్రింద మూడు విధములైన రచన కానవచ్చును.

మొదటిది, ఇరువురును ఒకచోట కూర్చుండి పదమును, స్వరమును పరస్పరము అందించుకొనుచు కట్టినది. 1963 నాటి ‘ఐ వాంట్ టు హోల్డ్ యువర్ హ్యాండ్’ ఇట్టిది. రెండవది, ఏకకర్తృకము. 1965 నాటి ‘యెస్టర్‌డే’ మెకార్ట్నీ యొక్కని రచన. దాని ధ్వనిముద్రణమున బృందములోని తక్కిన మువ్వురును పాల్గొనలేదు. మూడవది, వేర్వేరు ఖండముల సంధానము. 1967 నాటి ‘ఎ డే ఇన్ ది లైఫ్’ లో ఆద్యంత భాగములు ప్రధానముగా లెనన్‌వి, నడిమి భాగము మెకార్ట్నీది. రెంటిని కలుపుటకై విడిచిన చోటును పెద్ద వాద్యబృందము మంద్రము నుండి తారమునకు క్రమముగా ఎక్కు నాదముతో నింపిరి.

ఇక పేరు లేని పాలివారును కలరు. ‘యెస్టర్‌డే’ లోని తంత్రీవాద్యముల కూర్పునకు తోడ్పడినవాడు ధ్వనిముద్రణ నిర్వాహకుడు జార్జి మార్టిన్. గిటారు వాద్యకుడు జార్జి హారిసన్, డ్రమ్ము వాద్యకుడు రింగో స్టార్ సమకూర్చిన వాద్యపు మెరుగులును సాధారణముగా రచనగా లెక్కకు రాలేదు. పదములును, పాడెడు వరుసయుమే రచన యను నాటి సంప్రదాయము దీనికి కారణము.

ఈ గీత యెల్లెడల నిలువలేదు. ప్రోకోల్ హారం అను మరియొక బృందము 1967లో వెలువరించిన ‘ఎ వైటర్ షేడ్ ఆఫ్ పేల్’ నందలి ఆర్గన్ వరుసను సమకూర్చిన మాథ్యూ ఫిషర్ న్యాయస్థానము కెక్కెను. 2006లో అతనికి సంగీతపు హక్కున నూటికి 40 పాళ్లు లభించెను. అతడు సహకర్త యగుటను 2009లో బ్రిటిషు ప్రభువుల సభ స్థిరపరచెను. ఆర్.ఇ.ఎం. వంటి బృందములు మొదటినుండియు సభ్యులందరి పేర్లను సమానముగా వేసి ఇట్టి వివాదమునకు తావీయలేదు.

అయినను అందరి పేర్లు వేసినంతమాత్రమున ఎవరి పాలెంతయో తేలదు. స్మృతియు సర్వదా ప్రమాణము కాదు: 1965 నాటి ‘ఇన్ మై లైఫ్’ పదములు లెనన్‌వని ఇరువురును అంగీకరించిరి గాని, వరుస విషయమున వారి మాటలు భేదించినవి. కావున ఉమ్మడి కృతులను పరిశోధించు విద్యార్థులు పేరును ఒడంబడికగా గ్రహించి, చిత్తుప్రతులు, ముద్రణ దశలు, శైలి అను వానిచే రచనను వేరుగా నిర్ణయింపవలెనని మా అభిప్రాయము. జంటకవుల విషయమునను ఈ విచక్షణ మావశ్యకము.