యంత్రానికీ నాడి ఉన్నది

వైద్యుడు రోగి చేయి పట్టుకొని నాడి చూస్తాడు. హకీము దానినే నబ్జ్ అంటాడు. మాట వేరైనను చూసే సంగతి ఒక్కటే: కొట్టుకొనవలసిన లయ సరిగా ఉన్నదా, తప్పినదా అని. మన ఇంటి ముంగిట నిలిచిన కారు ఇంజనుకు కూడ అటువంటి లయ ఉన్నది. అది తప్పడాన్నే మెకానిక్కులు ‘మిస్సింగ్’ అంటారు. సామాన్య కుటుంబీకునికి ఈ జబ్బు రెండు విధాల చేటు తెస్తుంది. ఒకటి, నడిదారిలో ప్రయాణం ఆగిపోవడం. రెండు, రోగం తెలియక మందులన్నీ కొనడం.

ముందుగా ఇంజను పనిచేసే తీరు తెలుసుకొందాము. 1876లో జర్మనీలో నికొలాస్ ఒట్టో రూపొందించిన ఫోర్ స్ట్రోక్ పద్ధతియే నేటి పెట్రోలు కార్లకూ ఆధారం. పీల్చుట, అదుముట, మండుట, విడుచుట అనే నాలుగు పనులు ముగిసేసరికి ఇంజను రెండు చుట్లు తిరుగుతుంది. అనగా నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజనులో ఒక్కొక్క సిలిండరు 1500 సార్లు, సెకనుకు 25 సార్లు మండవలెను. అలా మండుటకు మూడు వస్తువులు కావలెను: తగిన సమయానికి నిప్పురవ్వ, తగిన పాళ్లలో గాలి–పెట్రోలు, తగిన ఒత్తిడి. బరువులో 1 పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 పాళ్ల గాలి అవసరం. ఈ మూడింటిలో ఏది లోపించినా ఆ సిలిండరు మూగపోతుంది. మిగిలినవి దానిని కూడ మోయవలసి వస్తుంది. కావుననే బండి వణకుతుంది, ఎత్తు ఎక్కలేకపోతుంది, పెట్రోలు అధికంగా తాగుతుంది.

ఒక వేసవిలో మా తల్లిగారిని కంటి పరీక్షకై కర్నూలు నుండి హైదరాబాదుకు తీసుకొని వెళ్తుండగా, జడ్చర్ల సమీపంలో మా మూడు సిలిండర్ల చిన్న కారు కుదుపులు మొదలుపెట్టింది. అంతకు వారం ముందే ఒక వర్క్‌షాపువారు ప్లగ్గులన్నీ మార్చి, ఇక పెట్రోలు పంపు కూడ మార్చవలెనని చెప్పి ఉన్నారు. దాని ఖరీదు విని వెనుకాడుతూనే మేము బయలుదేరాము. ఇప్పుడు డ్యాష్‌బోర్డుపై ఇంజను గుర్తు గల పసుపు దీపం ఆరుతూ వెలుగుతూ ఉన్నది.

దారిపక్కన చిన్న షెడ్డులోని ఒక వృద్ధ ఉస్తాద్ బానెట్ తెరిచి, “సామాను తరువాత కొందాం సార్, ముందు రోగం ఏ గదిలో ఉందో చూద్దాం” అన్నాడు. ఇంజను ఆపి మొదటి సిలిండరు కాయిల్ తీగను విడదీసి, తిరిగి స్టార్టు చేశాడు. ఇంజను దాదాపు ఆగిపోయింది. అనగా అంతవరకు ఆ సిలిండరు పనిచేస్తున్నదన్నమాట. మరల ఆపి, దానిని తగిలించి, రెండవదాని తీగను తీశాడు. ఈసారి శబ్దంలో ఏ మార్పూ లేదు. రోగి దొరికాడు! పిమ్మట రెండవ కాయిల్‌ను మూడవదాని స్థానంలోను, మూడవదానిని రెండవదాని స్థానంలోను పెట్టాడు. జబ్బు కూడ రెండవ సిలిండరును వదలి మూడవదానికి మారింది. దోషం పంపుది కాదు, ఒక్క కాయిల్‌ది మాత్రమే. అదొక్కటే మార్చగా ఇంజను నాడి కుదుటపడింది. ఆనాటి సాయంత్రానికే మా తల్లిగారికి కంటి పరీక్ష జరిగింది.

ఈ మార్పిడి పరీక్షలో గల తర్కమే మనకు ముఖ్యం. ఒకసారి ఒక్క వస్తువునే మార్చవలెను. జబ్బు వస్తువుతో పాటు వెళ్తే దోషం వస్తువుది. వెళ్లకపోతే తరువాతి వస్తువును, అనగా ప్లగ్గును, ఆపై ఇంజెక్టరును, ఇదే విధంగా పరీక్షించవలెను. స్కానర్ ఉన్నచోట పని మరింత సులభం. పీ 0302 అని చూపితే రెండవ సిలిండరు తప్పుతున్నదని అర్థం. పీ 0300 అయితే తప్పుడు ఒకచోట నిలకడగా లేదు. అప్పుడు పెట్రోలు పీడనాన్ని, గాలి లోనికి దొంగతనంగా చొరబడే చీలిన గొట్టాలను అనుమానించవలెను. ఐతే ఈ అంకె రోగి ఎవరో చెప్పునే గాని, రోగమేమిటో చెప్పదు.

విప్పిన ప్లగ్గు కూడ ఒక సాక్షి. లేత గోధుమరంగు ఆరోగ్య లక్షణం. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువైనది. పెట్రోలుతో తడిసి ఉంటే నిప్పురవ్వ లేదేమో చూడవలెను. నూనె జిడ్డు ఉంటే ఇంజను ఆయిలు లోనికి చేరుతున్నది.

ఇవన్నీ సరిగా ఉండియు జబ్బు తీరకపోతే, గేజితో సిలిండర్ల ఒత్తిడిని కొలిపించవలెను. తక్కువ చూపిన సిలిండరులో ఒక చెంచా ఇంజను ఆయిలు పోసి మరల కొలిచినప్పుడు ఒత్తిడి పెరిగితే రింగులు అరిగినవి. పెరగకపోతే వాల్వుల వైపు చూడవలెను. పక్కపక్కనున్న రెండు సిలిండర్లలో ఒత్తిడి తగ్గితే, హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చును.

కొన్ని హెచ్చరికలు అవసరం. నడుస్తున్న ఇంజనులో ప్లగ్గు తీగలను చేతితో లాగరాదు. వాటిలో వేల వోల్టుల విద్యుత్తు ఉంటుంది. తీగ తీసి చేసే పరీక్షను కొద్ది క్షణాలలో ముగించవలెను. పసుపు దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటే బండిని నడపరాదు. మండని పెట్రోలు పొగగొట్టంలోని కెటలిటిక్ కన్వర్టరుకు చేరి అక్కడ మండుతుంది. దానిని కాల్చి పాడుచేస్తుంది. కాయిల్ కంటె అది ఎన్నో రెట్లు ఖరీదైనది. దీపాన్ని చూసియు కొంతదూరం నడిపినందుకు ఉస్తాద్ మమ్ము మందలించాడు. ఆ మందలింపు న్యాయమే.

వర్క్‌షాపువారి వద్ద పరికరాలకు కొదువ లేదు. ఉస్తాద్ వద్ద ఉన్నవి ఒక పానా, ఒక వరుస. అనుమానించుట, ఒక్కొక్కటిగా పరీక్షించుట, రుజువైన పిమ్మటనే ఖర్చు పెట్టుట అన్నదే ఆ వరుస. మన విద్యార్థులు ప్రయోగశాలలో నేర్చే శాస్త్రదృష్టి జడ్చర్ల రోడ్డు పక్కన, గ్రీజు అంటిన చేతులలో మాకు కనిపించింది. ఎక్కడ కనిపించినా అది విద్యయే.