తిరగేసినా అందమైన అంచు

క్రాస్ స్టిచ్‌లో గులాబీ కుట్టడానికి పదిరోజులు ఓపికపట్టే అమ్మాయిలు, అంచు దగ్గరకు వచ్చేసరికి బజారునుంచి లేసు తెచ్చి అతికించేస్తారు. లేసు నాలుగు ఉతుకులకే పీలికలవుతుంది. కుట్టిన అంచు గుడ్డ వున్నంతకాలం వుంటుంది. గళ్ళు లెక్కపెట్టడం వచ్చినవారికి అదేమంత కష్టమూ కాదు.

ఈ అంచును నేను బళ్ళారిలో వుండగా, మా పక్కవాటాలోని ధార్వాడ అజ్జి దగ్గర నేర్చుకున్నాను. ఆ ప్రాంతంలో ఇల్‌కల్ చీరలమీద కుట్టే కసూతిలో గవంతి, ముర్గి, నేగి, మెంతి అని నాలుగు రకాలు. బొమ్మ గీసుకోవడమంటూ లేదు. పోగులు లెక్కించుకుంటూ పోవడమే. మెంతి అంటే మన క్రాస్ స్టిచ్చే. అంచుకు పనికివచ్చేది గవంతి. ఐరోపాలో ఇటువంటి కుట్టునే హోల్బైన్ కుట్టు అంటారు. హోల్బైన్ 1536 ప్రాంతంలో ఇంగ్లండు రాణి జేన్ సీమోర్ చిత్రం వేస్తూ, ఆమె చేతి అంచుమీది నల్లదారపు పనిని ఎంతో వివరంగా చూపించాడు.

అప్పటికే అజ్జికి చూపు మందగించింది. నేను కుట్టి ఇస్తే గుడ్డ తిరగేసి వేలితో తడిమేది. "ముడి తగలకూడదు తల్లీ, అడుగువైపు బాగుంటే పైవైపు దానంతటదే బాగుంటుంది" అనేది. తన ఇంట్లో ఎవరూ నేర్చుకోలేదనీ, ఈ లెక్క తనతోనే పోతుందనీ ఆమె దిగులు. అందుకే మీకు చెబుతున్నాను.

అంగుళానికి 14 గళ్ళుండే మ్యాటీ గుడ్డ, మొద్దు మొన సూది, 6 పోగుల దారంలోనుంచి విడదీసిన 2 పోగులు చాలు. దారం మూరెడుకు మించితే చిక్కుపడుతుంది.

కోటగోడ పళ్ళవంటి నమూనా తీసుకుందాం. ప్రతి కుట్టూ 2 గళ్ళే. 2 గళ్ళు అడ్డంగా, 2 పైకి, 2 అడ్డంగా, 2 కిందికి; మళ్ళీ మొదటికి. తొలి చుట్టులో అడ్డకుట్లు మాత్రమే పైన కనిపించాలి. నిలువువి అడుగున పోతాయి. బయలుదేరిన రంధ్రానికి చేరాక వచ్చిన దారినే వెనక్కు మళ్ళండి. ఈసారి నిలువుకుట్లు పైన, అడ్డకుట్లు అడుగున. రెండువైపులా ఒకటే గోడ!

చిక్కంతా మూలల్లోనే. ఒక్కొక్క పక్క గళ్ళను 4 చేత భాగిస్తే 2 మిగలాలి: 62, 82, 102, ఇలాగ. అప్పుడు నాలుగు మూలలూ ఒకేలా కుదురుతాయి. 102 గళ్ళంటే సుమారు 7¼ అంగుళాలు. పళ్ళు బయటివైపుకు వుంచండి. మూల తిరిగినా గుడ్డను మాత్రం తిప్పకండి. తొలి చుట్టులో అడ్డకుట్లే పైకి రావాలన్న నియమం చివరిదాకా అదే.

ముడి వేయవద్దు. రెండంగుళాల కొస వదిలి, అంతా అయినాక కుట్లకిందనే దూర్చి కత్తిరించండి. ఒక్కొక్క పన్నులో వేరే రంగుతో ఒక క్రాస్ వేస్తే మరింత సొగసు. కాని క్రాస్ అడుగువైపు ఒకేలా వుండదు. చేతిరుమాలుకూ, గాలికి రెండువైపులా కనిపించే కిటికీ తెరకూ పళ్ళను ఖాళీగానే వుంచండి.