నగరసభ సభ్యుడు – ఏది ముందు, ఏది తరువాత?

పిల్లలూ! వాన కురిస్తే వీధిలో నీరు నిలవడం మీరందరూ చూసే ఉంటారు. కాని చినుకు పడకపోయినా వీధిలోకి నీరు రావడం మీలో ఎందరు చూశారు? పోర్ట్ క్లాంగ్‌లో పల్లపు ప్రాంతాలలో ఉండేవారికి ఇది తెలిసిన సంగతే.

సముద్రానికి ఆటుపోట్లు ఉంటాయని మీరు చదువుకున్నారు. అమావాస్యకు, పౌర్ణమికి పోటు ఎక్కువ. ఆ రోజులలో పోర్ట్ క్లాంగ్ వద్ద పోటు మట్టానికీ ఆటు మట్టానికీ నాలుగు మీటర్లకు పైగా తేడా ఉంటుంది. పోటు సమయంలో సముద్రపు నీరు పల్లపు కాలువల కంటే ఎత్తుకు లేస్తుంది. అప్పుడు కాలువలోని నీరు సముద్రంలోకి పోలేదు. పైగా సముద్రపు నీరే కాలువ వెంట వెనక్కి వస్తుంది. అందుకే తీరం వెంట కట్టలు కట్టి, కాలువలు సముద్రంలో కలిసే చోట తలుపులు అమర్చారు. పోటు వేళ తలుపు మూసి ఉంటుంది, ఆటు వేళ తెరిచి ఉంటుంది. తలుపు మూసి ఉన్న ఆ కొద్ది గంటలలో పెద్ద వాన కురిసినా, కాలువ ముందే చెత్తతో పూడిపోయి ఉన్నా, నీరు ఇళ్ళలోకి వస్తుంది.

మన వీధి కాలువలో పూడిక తీయించవలసింది ఎవరు? వీధి దీపం వెలిగించవలసింది ఎవరు? సంత, పార్కు, శ్మశానం వంటివాటిని చూసుకోవలసింది ఎవరు? నగరపాలక సంఘం. ఆ సంఘంలో కూర్చుని మన ప్రాంతం గురించి మాట్లాడే వ్యక్తే సభ్యుడు. మలాయ్ భాషలో అహ్లి మజ్లిస్ అంటారు. ఆ సభ్యుని పని ఏమిటో, అది ఎందుకు కష్టమో ఈ పాఠంలో తెలుసుకుందాం.

సంఘం – సభ్యులు

పోర్ట్ క్లాంగ్ పాలన క్లాంగ్ నగరపాలక సంఘం కిందికి వస్తుంది. క్లాంగ్ 2024 ఫిబ్రవరి 5న రాజనగర హోదా పొందింది. నాటి నుండి ఈ సంఘం పేరు మజ్లిస్ బండారాయ దిరాజ క్లాంగ్.

1976లో వచ్చిన స్థానిక పాలనా చట్టం ప్రకారం ఇటువంటి సంఘంలో అధ్యక్షుడు గాని మేయరు గాని కాక, 8 మందికి తగ్గకుండా, 24 మందికి మించకుండా సభ్యులు ఉండాలి. వీరిని రాష్ట్ర ప్రభుత్వం నియమిస్తుంది. ఒక నియామకం మూడేళ్ళకు మించదు. సభ్యులలో ఎక్కువమంది ఆ ప్రాంతంలో నివసించేవారై ఉండాలని చట్టం చెబుతుంది.

ఒకప్పుడు ఈ దేశంలో కూడా పురపాలక సభ్యులను ఓటర్లే ఎన్నుకునేవారు. 1951లో జార్జ్ టౌన్‌లో అటువంటి ఎన్నిక జరిగింది. ఇండోనేషియాతో ఘర్షణ నడుస్తున్న 1965లో ఈ ఎన్నికలను నిలిపివేశారు. 1976 చట్టం తరువాత నియామక పద్ధతే స్థిరపడింది. మన పూర్వుల ఆంధ్రదేశంలో పద్ధతి వేరు. అక్కడ వార్డు ప్రజలు ఓటు వేసి కౌన్సిలరును, కార్పొరేటరును ఎన్నుకుంటారు. పని చేయకపోతే మరుసటి ఎన్నికలో ఓడించవచ్చు.

ఇక్కడ మనకు ఆ ఓటు లేదు. మరి మన కష్టం సభ్యునికి తెలిసేది ఎలా? మనం చెబితేనే తెలుస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి. పాఠం చివర మళ్ళీ దీని దగ్గరకే వస్తాము.

డబ్బు కొంత, పనులు ఎన్నో

సంఘానికి ముఖ్యమైన ఆదాయం ఇంటి పన్ను. దీనినే చుకాయ్ తక్సిరాన్ అంటారు. ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరి నెలాఖరుకు ఒకసారి, ఆగస్టు నెలాఖరుకు ఒకసారి చెల్లించాలి. ఇది కాక అనుమతి రుసుములు, జరిమానాలు, ప్రభుత్వం ఇచ్చే నిధులు ఉంటాయి. ఎంత వచ్చినా అన్ని పనులకూ ఒకేసారి చాలదు. మీ అమ్మ జీతం డబ్బు చేతికి రాగానే ముందు బియ్యానికి, మందులకు తీసిపెట్టి, పండుగ బట్టల సంగతి తరువాత చూస్తుంది కదా! సభ్యుడు చేయవలసినదీ అదే.

బల్ల మీద ఐదు అర్జీలు

ఒక సభ్యురాలి బల్ల మీద ఒకే రోజు ఐదు అర్జీలు ఉన్నాయని ఊహించుకోండి.

ఒకటి: ఒక వీధిలో మురుగు కాలువ పూడిపోయింది. ప్రతి పెద్ద పోటుకూ ముప్పై ఇళ్ళలోకి నీరు వస్తున్నది.

రెండు: బస్సు ఆగే చోట దీపం వెలగడం లేదు. రాత్రి పని ముగించుకుని వచ్చే ఒక తల్లి ఒక్కతే సంతకం చేసింది.

మూడు: ఒక ఖాళీ స్థలంలో పాత టైర్లు పడి ఉన్నాయి. పక్క ఇంటివారికి డెంగీ జ్వరం వచ్చింది.

నాలుగు: రేవుకు కంటైనర్ లారీలు తిరిగే రోడ్డు మీద పెద్ద గుంత పడింది.

ఐదు: కూడలిలో అలంకార దీపాలు పెట్టాలి. దీనికి పేరున్న దుకాణదారులు చాలామంది సంతకాలు చేశారు. ఫోన్లు కూడా చేస్తున్నారు.

మీరైతే ఏది ముందు తీసుకుంటారు? సంతకాలు లెక్కపెడితే ఐదవ అర్జీయే ముందుకు వస్తుంది. కాని అది సరైన లెక్క కాదు. అడగవలసిన ప్రశ్నలు మూడు. ఆలస్యమైతే ప్రాణహాని ఉన్నదా? ఆలస్యమైతే నష్టం పెరుగుతుందా? తమంతట తాము బాగు చేసుకోలేని వారెవరు?

ఈ ప్రశ్నలు వేసుకుంటే దారి కనిపిస్తుంది. డెంగీ దోమ మురుగులో కాదు, టైర్లలోను, డబ్బాలలోను నిలిచిన తేట నీటిలో గుడ్లు పెడుతుంది. వారం పది రోజులలో ఆ గుడ్లు దోమలవుతాయి. కాబట్టి టైర్లు ఈ రోజే తీయించాలి. ఖర్చు కొద్ది, లాభం పెద్ద. గుంత చుట్టూ ఈ రోజే హెచ్చరిక పెట్టించి, వెంటనే పూడ్పించాలి. దీపం ఈ వారంలోనే వెలగాలి. సంతకం ఒక్కటే అయినా ఆ చీకటిలో నడిచేవారు ఎందరో! కాలువ పని పెద్దది. ముందు పూడిక తీయించి, శాశ్వతంగా బాగు చేయడానికి వచ్చే ఏడాది బడ్జెట్‌లో డబ్బు అడగాలి. అలంకార దీపాలు చెడ్డ పని కాదు. అయినా వాటి వంతు చివరిది.

రేవు నేర్పిన పాఠం

కాలువకు ఇంత ప్రాధాన్యం ఎందుకని మీరు అడగవచ్చు. దానికి మన ఊరి చరిత్రే సమాధానం చెబుతుంది. పోర్ట్ క్లాంగ్‌ను పూర్వం పోర్ట్ స్వెటన్‌హామ్ అనేవారు. ఈ రేవు 1901లో ప్రారంభమైంది. చుట్టూ మడ అడవులు, చిత్తడి నేలలు. ప్రారంభమైన కొద్ది రోజులకే మలేరియా విజృంభించింది. రేవులో పనిచేసే కూలీలు వరుసగా మంచాన పడ్డారు.

ఆ ఏడాదే క్లాంగ్‌కు వైద్యాధికారిగా వచ్చిన మాల్కమ్ వాట్సన్ ఒక విషయం గ్రహించాడు. అంతకు నాలుగేళ్ళ ముందు, 1897 ఆగస్టు 20న, మన తెలుగు నేల మీద సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనే వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. దోమ పుట్టే నీటిని తొలగిస్తే జ్వరం తగ్గాలి కదా అని వాట్సన్ వాదించాడు. ప్రభుత్వం ఒప్పుకున్నది. అడవి నరికారు, కాలువలు తవ్వారు, పోటు నీరు రాకుండా కట్టలు పోశారు. మరుసటి ఏడాదికే జ్వర మరణాలు ఎంతో తగ్గాయి. రేవు నిలిచింది. మన తాత ముత్తాతలలో ఎందరో ఓడ దిగినది ఈ రేవులోనే. అందమైన భవనాలకంటే ముందు కాలువలు తవ్వడం వల్లనే ఇక్కడ మనుషులు బ్రతికి బట్టకట్టారు.

ఈ పాఠం మరచినప్పుడు నష్టపోయేది సామాన్యులే. 2021 డిసెంబరులో సెలంగోర్ రాష్ట్రంలో వచ్చిన పెద్ద వరదలలో క్లాంగ్ ప్రాంతంలో కూడా ఎన్నో కుటుంబాలు ఇళ్ళు విడిచి వెళ్ళవలసివచ్చింది. అంత పెద్ద వానను ఒక్క వీధి కాలువ ఆపలేదు. అయినా నీరు వచ్చాక కాలువ తవ్వడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ఎవరి పని ఎవరిది?

అన్ని పనులూ నగరసభవే కావు. నదులు, తీరపు కట్టలు, పోటు తలుపులు నీటిపారుదల శాఖవి. పెద్ద రహదారులు ప్రజాపనుల శాఖవి. రేవు లోపలి వ్యవహారాలు రేవు సంస్థవి. అయితే మంచి సభ్యుడు, “అది మా పని కాదు” అని తలుపు వేయడు. ఆ అర్జీని ఆ శాఖకు చేర్చి, జవాబు వచ్చేదాకా వెంటపడతాడు.

మనం చేయవలసినది

మా వీధి కాలువ గురించి నేను ఒకసారి ఒక కార్యాలయానికి ఉత్తరం రాశాను. “మా వీధి కాలువ బాగాలేదు, దయచేసి చూడండి” అని మాత్రమే రాశాను. జవాబు రాలేదు. కోపం వచ్చింది. తరువాత ఆలోచిస్తే తప్పు కొంత నాదే అనిపించింది. రెండవ ఉత్తరంలో వీధి పేరు, దగ్గరి దీపస్తంభం నంబరు, నీరు వచ్చిన మూడు తేదీలు, ఆ వేళలు, నీరు చేరిన ఇళ్ళ సంఖ్య రాశాను. పొరుగువారు సంతకాలు చేశారు. మూడు వారాలలో మనుషులు వచ్చి పూడిక తీశారు. తీసిన పూడికలో ఎక్కువ భాగం మేమే పారేసిన సంచులు, సీసాలు! ఆ రోజు మా వీధివారందరం తల వంచుకున్నాము.

అడగనిదే అమ్మయినా పెట్టదు అంటారు పెద్దలు. ఓటు లేనిచోట ఉత్తరమే ఓటు. అది స్పష్టంగా, నిజంగా, మర్యాదగా ఉండాలి. నగరసభ వేరే విధంగా తీర్మానిస్తే తప్ప దాని సమావేశాలకు ప్రజలు వెళ్ళి వినవచ్చునని చట్టం చెబుతున్నది. మీరు పెద్దవారయ్యాక తప్పక వెళ్ళండి. గట్టిగా అరిచేవారి అర్జీ ముందు తీస్తున్నారా, ఎక్కువ కష్టంలో ఉన్నవారి అర్జీ ముందు తీస్తున్నారా అని గమనించండి. సభ్యుని మంచి చెడ్డలు తెలిసేది అక్కడే.

ప్రశ్నలు

1. వాన లేకపోయినా పోర్ట్ క్లాంగ్ పల్లపు వీధులలోకి నీరు ఎందుకు వస్తుంది?

2. నగరసభ సభ్యులను ఇక్కడ ఎవరు నియమిస్తారు? ఆంధ్రదేశంలో పద్ధతి ఏమిటి?

3. ఐదు అర్జీలను మీరైతే ఏ వరుసలో పెడతారు? కారణాలు రాయండి.

4. మీ వీధిలోని ఒక సమస్యను ఎన్నుకొని, స్థలం, తేదీ, వేళ తెలిపేటట్లు సభ్యునికి ఒక లేఖ రాయండి.