డిగ్లీపూర్ చెత్తకు బోయిన్‌పల్లి దారి

అండమాన్, నికోబార్ దీవుల్లోని ఏకైక జలవిద్యుత్కేంద్రం, 5.25 మెగావాట్ల కల్పాంగ్, డిగ్లీపూర్ ప్రాంతంలోనే ఉన్నప్పటికీ, దీవుల విద్యుత్తులో అధికభాగం నేటికీ ఓడల్లో దిగే డీజిల్‌ను కాల్చి తీసేదే. అటువంటి చోట చేపల రేవులోను, కూరగాయల బజారులోను కుళ్ళే చెత్తే ఇంధనం కాగలదా అన్న ప్రశ్నకు హైదరాబాదులో రెండు సమాధానాలు దొరుకుతాయి.

మొదటిది సూక్ష్మజీవ ఇంధన ఘటం. బాక్టీరియా ఆహారాన్ని విచ్ఛిన్నం చేసేటప్పుడు వెలువడే ఎలక్ట్రాన్లను, ఆక్సిజన్ లేని చోట, ఆనోడ్ అనే విద్యుద్ధ్రువానికి అందించగా, అవి తీగ గుండా కాథోడ్‌కు చేరే ప్రవాహమే విద్యుత్తు. 1911లో ఇంగ్లండులో ఎం.సి. పాటర్ గమనించిన ఈ విషయంపై హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో ఎస్. వెంకటమోహన్ మిశ్రమ సూక్ష్మజీవులతో విస్తృతంగా పరిశోధించారు. ఆయనకు 2014లో భట్నాగర్ పురస్కారం లభించింది. ఒకే జాతి బాక్టీరియాను పెంచాలంటే ముడిపదార్థాన్ని క్రిమిరహితం చేయక తప్పదు, చెత్త విషయంలో అది అయ్యే పని కాదు. మిశ్రమ సమూహంలోనైతే ఒక జాతి విడగొట్టి వదిలినదాన్ని మరొక జాతి తింటుంది. అయితే ఒక్కో ఘటం ఇచ్చేది సాధారణంగా ఒక వోల్టు కూడా ఉండదు.

రెండవది బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టులో ఐఐసీటీ సాంకేతికతతో నెలకొల్పిన బయోగ్యాస్ ప్లాంటు. ఇక్కడ సూక్ష్మజీవులు విద్యుత్తును నేరుగా ఇవ్వవు: కొన్ని పిండిపదార్థాలను, మాంసకృత్తులను కరిగిస్తే, మరికొన్ని వాటిని ఆమ్లాలుగా మారుస్తాయి, చివరివి మీథేన్ వాయువును పుట్టిస్తాయి (ఈ చివరివి నిజానికి బాక్టీరియా కావు, ఆర్కియా అనే వేరే వర్గం). ఆ వాయువుతో జనరేటరు నడుస్తుంది. 2021 జనవరి 31న ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’లో చెప్పిన లెక్క ప్రకారం, సుమారు 10 టన్నుల చెత్త నుంచి రోజుకు 500 యూనిట్ల విద్యుత్తు, 30 కిలోల జీవ ఇంధనం వచ్చేవి. ఒక పట్టణానికి ఇది చాలదు. మార్కెట్టు దీపాలకు, వంటశాలకు మాత్రం అక్కరకొచ్చే మోతాదే.

డిగ్లీపూర్‌కు అనువైనది ఈ రెండవ దారే, కాని దాన్ని ఉన్నదున్నట్టుగా తీసుకోవడం కుదరదు. చేపల వ్యర్థాల్లో మాంసకృత్తులు ఎక్కువ కనుక అవి కుళ్ళినప్పుడు అమోనియా పుట్టి, మీథేన్ తయారుచేసే జీవులనే అణచివేస్తుంది. అందుచేత వాటిని కూరగాయల చెత్తతోనో అరటి వ్యర్థాలతోనో కలిపి, కొద్దికొద్దిగా వేయవలసి ఉంటుంది. మొదటి దారి కూడా దీవులకు పూర్తిగా పరాయిది కాదు: 2008లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో అమెరికా నౌకాదళ శాస్త్రవేత్తలు నీటి అడుగు బురదలోని బాక్టీరియా ఇచ్చే స్వల్ప విద్యుత్తుతోనే వాతావరణాన్ని కొలిచే, నీటిపై తేలే బోయాను నడిపించారు, అటువంటి బురద మడ అడవుల తీరాన కొరత లేనిది.