జైలు గేటు దాటాక... ఆ మొదటి రెండు వారాలు

దిల్లీ శివారు ఇందిరాపురం నుంచి హిండన్ నది దాటి తూర్పుకు వెళితే గాజియాబాద్ కమలా నెహ్రూ నగర్‌లో ఎయిమ్స్‌కు చెందిన జాతీయ మాదకద్రవ్య వ్యసన చికిత్సా కేంద్రం కనిపిస్తుంది. అదే నగరానికి ఇంకొంచెం తూర్పున డాస్నా జైలు ఉంది. మత్తు అలవాటున్న ఎందరి జీవితాలో ఇలాంటి రెండు ప్రాంగణాల మధ్య తిరుగుతూ ఉంటాయి.

జైల్లో నెలల తరబడి హెరాయిన్ ముట్టని వ్యక్తి విడుదలయ్యాడంటే ఇంట్లోవాళ్లు "ఇక అలవాటు పోయినట్టే" అనుకుంటారు. వైద్యశాస్త్రం మాత్రం అత్యంత ప్రమాదకరమైన రోజులు అప్పుడే మొదలవుతాయని చెబుతోంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైళ్ల నుంచి విడుదలైన 30,237 మంది వివరాలను పరిశోధకులు పరిశీలించి, 2007లో ఫలితాలు ప్రచురించారు. బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో మాదకద్రవ్యాల మోతాదు మించి చనిపోయే ముప్పు సాధారణ ప్రజలతో పోలిస్తే 129 రెట్లు ఉందని తేలింది.

ఎందుకలా? హెరాయిన్, నల్లమందు, కొన్ని నొప్పి మందులు ఓపియాయిడ్లు అనే ఒకే కుటుంబానికి చెందినవి. ఇవి మెదడులో 'మ్యూ' గ్రాహకాలకు అతుక్కుని హాయిని కలిగిస్తాయి, శ్వాస వేగాన్ని తగ్గిస్తాయి. రోజూ వాడుతుంటే గ్రాహకాలు మొద్దుబారతాయి. నిన్నటి మోతాదు ఇవాళ చాలదు. దీన్నే సహనశక్తి పెరగడం అంటారు. మత్తు ఆగిపోతే కొన్ని వారాల్లోనే ఆ సహనశక్తి తగ్గిపోతుంది. కానీ మనిషికి గుర్తుండేది పాత మోతాదే. బయటికొచ్చి అంతే తీసుకుంటే శ్వాస ఆగిపోవచ్చు. ఒకప్పుడు శరీరం తట్టుకున్న మోతాదే ఇప్పుడు ప్రాణాంతకమవుతుంది.

మరి ఇన్నాళ్లు దూరంగా ఉన్నవాడికి మళ్లీ కోరిక ఎందుకు పుడుతుంది? మెదడు మత్తును ఒంటరిగా గుర్తుపెట్టుకోదు. మత్తు తీసుకున్న వీధి, స్నేహితులు, వేళ అన్నింటినీ దానితో ముడివేసుకుంటుంది. 1970వ దశకం తొలినాళ్లలో వియత్నాం యుద్ధంలో హెరాయిన్‌కు అలవాటుపడిన అమెరికన్ సైనికులను సామాజిక శాస్త్రవేత్త లీ రాబిన్స్ అధ్యయనం చేశారు. ఇంటికి తిరిగొచ్చాక మొదటి ఏడాదిలో మళ్లీ దానికి బానిసలైనవారు సుమారు 5 శాతమే. అలవాటైన పరిసరాలు యుద్ధభూమిలోనే ఉండిపోయాయి. ఖైదీ విషయంలో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. మత్తు మొదలైన వీధికే అతను తిరిగి వస్తాడు.

కాబట్టి కేవలం మాన్పించడం చాలదు. ఇక్కడ ఉపయోగపడే మందు బ్యుప్రెనార్ఫిన్. అది అవే గ్రాహకాలకు గట్టిగా అతుక్కుంటుంది కానీ వాటిని పూర్తిగా ప్రేరేపించదు. శరీర బాధలు, కోరిక తగ్గుతాయి. మోతాదు పెంచినా ప్రభావం ఒక స్థాయి దగ్గర ఆగుతుంది కనుక, వైద్యుల పర్యవేక్షణలో ఇచ్చినప్పుడు హెరాయిన్‌తో పోలిస్తే ఎంతో సురక్షితం. "ఒక మత్తు పోయి ఇంకో మత్తు వచ్చింది" అనే విమర్శ తరచూ వినిపిస్తుంది. అయితే రోజుకు నాలుగుసార్లు మత్తు కోసం పరుగెత్తే మనిషి, పొద్దున మందు వేసుకుని పనికి వెళ్లగలగడం చిన్న మార్పు కాదు. మధుమేహానికి రోజూ మందు వాడేవారిని ఎవరూ తప్పుపట్టరు కదా!

దిల్లీలోని తిహార్ జైలులో ఈ చికిత్స 2008లోనే మొదలైంది. అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రం 2016లో తన జైళ్లన్నింటిలో ఇలాంటి మందులు అందించి, విడుదలయ్యాక కూడా కొనసాగేలా ఏర్పాటు చేసింది. ఏడాది తిరిగేసరికి, విడుదలైనవారిలో మోతాదు మించి సంభవించే మరణాలు దాదాపు 60 శాతం తగ్గాయి. జైలు లోపలి చికిత్సకు, బయటి క్లినిక్‌కు మధ్య తీగ తెగకపోవడమే ఇందులో కీలకం.

మన దేశంలో ఈ అవసరం చిన్నదేమీ కాదు. 2019లో కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ విడుదల చేసిన సర్వే ప్రకారం, ఓపియాయిడ్ల వాడకం వల్ల ఇబ్బందుల్లో ఉండి సాయం అవసరమైనవారు సుమారు 77 లక్షలు. ఆ సర్వే నిర్వహించింది గాజియాబాద్‌లోని ఈ కేంద్రమే.

చట్టంలోనూ ఒక దారి ఉంది. మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్ ప్రకారం, మత్తు వాడినందుకో, కొద్ది పరిమాణం దగ్గర ఉంచుకున్నందుకో కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన సంస్థలో చికిత్సకు చేరితే విచారణ నుంచి రక్షణ లభిస్తుంది. చికిత్సను మధ్యలో వదిలేస్తే ఆ రక్షణను రద్దు చేయవచ్చు.

మందు ప్రాణాన్ని నిలుపుతుంది. ఆపైన బతుకును నిలబెట్టేవి ఓ పని, ఉండటానికి చోటు, మళ్లీ జారినా చీదరించుకోని కుటుంబం. విడుదల తేదీ తెలిసిన రోజే చికిత్సా కేంద్రంలో తదుపరి హాజరు తేదీ కూడా ఖాయం చేసుకోవడం ఇంట్లోవాళ్లు చేయగల మొదటి పని. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే జాతీయ టోల్‌ఫ్రీ నంబరు 14446కు ఫోన్ చేయవచ్చు. ఒకసారి జారిపోవడం ఓటమి కాదు, చికిత్సను మళ్లీ సరిచూసుకోవాలని చెప్పే సూచన. ఈ మాట అందరికంటే ముందు తెలియాల్సింది గేటు బయట ఎదురుచూస్తున్న ఇంటివాళ్లకే.